శీతాకాలంలో పెరడు, మిద్దెతోట: పావురాలు తప్ప మిగతా పిట్టలు రావాలంటే ఏం చేయాలి? (విశాఖ)

కొమ్మాది మేడ | డిసెంబరు 2, ఉదయం 7:10
అందరికీ నమస్కారం. కొమ్మాదిలో రెండంతస్తుల ఇల్లు. డాబా 15 అడుగులకు 20 అడుగులు, దాని మీద నలభై కుండీల దాకా ఉన్నాయి. కింద తూర్పున ఆరడుగుల వెడల్పు మట్టినేలలో ఒక మామిడి, ఒక జామ, రెండు మందారాలు, చిక్కుడు పందిరి. రోజూ పొద్దున్నే పిట్టగోడ మీద గుప్పెడు నూకలు చల్లుతుంటే పావురాలు, కాకులు తప్ప ఏవీ వాలడం లేదు. చలికాలం ఈ మూడు నెలలు తేనెపిట్టలు, పిచ్చుకలు, వలస పిట్టలు పెరట్లో తిరగాలంటే ఏం మార్చాలి? కొలతలతో సహా చెబితే మేలు. చిక్కుడుకి పేనుబంక కూడా పట్టింది, దాని సంగతీ చెప్పండి.

పిట్టల పుస్తకం | డిసెంబరు 2, ఉదయం 7:55
ముందు నూకలు చల్లడం ఆపండి. పావురానికి చదునైన చోట గింజలు దొరికితే చాలు, రెండు మూడు రోజుల్లో గుంపంతా దిగుతుంది. అది దిగాక చిన్న పిట్ట ఆ గోడ మీద వాలదు. వాటి రెట్ట పడిన గింజల మీద రోగాలు కూడా పాకుతాయి. గొంతులో పుండ్లు పడే ట్రైకోమోనియాసిస్ ఇలా కలుషితమైన గింజలు, నీళ్ళ ద్వారానే ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకు అంటుకుంటుంది.

ఇంకో సంగతి చూడండి. మన ఊళ్ళో చలికాలం పెరళ్ళకు వచ్చే పిట్టల్లో గింజలు తినేవి చాలా తక్కువ. పిచ్చుక, జినువాయి, గువ్వ, రామచిలుక, పావురం, అంతే. తేనెపిట్టకు తేనె, సాలీళ్ళు కావాలి. దర్జీ పిట్టకు, వార్బ్లర్లు అనే బుల్లి పిట్టలకు ఆకు వెనక పురుగు కావాలి. పిగిలిపిట్టకు పళ్ళు, నల్లంచికి నేల మీది పురుగులు. అందుకే మీ పెరట్లో ఆ చిక్కుడు పందిరి, మామిడి కింద రాలిన ఆకులు గింజల డబ్బా కంటే ఎక్కువ పిట్టలను తెస్తాయి. పెరట్లో పురుగు బతికితేనే పిట్ట వస్తుంది. ఏం పెట్టాలన్న దానికంటే ఏం ఊడ్చకూడదు, ఏ మందు కొట్టకూడదు అన్నదే ముందు తేల్చుకోవాలి.

పెందుర్తి తోట | డిసెంబరు 2, ఉదయం 8:30
పైన చెప్పింది నిజమే. పిచ్చుకకు మాత్రం గింజ ఉండాలండి. దానికి మన వైపు పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే మేలు: వరి కంకుల కుచ్చు. వేలాడే కుచ్చుకి పిచ్చుక, జినువాయి గోళ్ళతో పట్టుకుని తలకిందులుగానైనా తింటాయి. పావురానికి అలా వేలాడడం చేతకాదు. మీ సమస్య సగం అక్కడే తీరుతుంది.

కోతలయ్యే సమయం ఇదే. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి రైతుబజారుకి వచ్చే వాళ్ళని అడిగితే నూర్చని కంకులు తెచ్చిపెడతారు. కంకి కింద కనీసం అడుగు కాడ ఉండేట్టు కోయించుకోండి. గింజ పసుపు తిరిగి గట్టిపడాలి, కానీ బాగా ఎండి రాలిపోయే దశకు రాకూడదు. తెచ్చాక రెండు రోజులు నీడలో ఆరబెట్టండి. కట్టబోయే ముందు కాడల వైపు మాత్రమే తడిగుడ్డ చుట్టి గంటసేపు ఉంచితే మెత్తబడి విరగకుండా వంగుతాయి. నలభై యాభై కంకులు ఒక పిడి. మెడ దగ్గర పురికొసతో రెండు చుట్లు బిగించి, నాలుగంగుళాలు వదిలి మళ్ళీ ఒక చుట్టు. కాడలు ఎండితే సన్నబడి కట్టు వదులవుతుంది కాబట్టి మర్నాడు మళ్ళీ బిగించాలి. ఇది చేయకపోతే మూడో రోజుకి కంకులు ఒక్కొక్కటే జారి కిందపడతాయి, కింద పడ్డవి ఎలుకల పాలు.

చూరు కింద గానీ సన్‌షేడు కింద గానీ, నేలకు ఏడడుగుల ఎత్తున, గోడకు అడుగున్నర ఎడంగా కట్టండి. తాడుతో వద్దు, సన్నటి జీఐ తీగతో వేలాడదీయండి. తాడు పట్టుకుని ఎలుక దిగుతుంది. అల్పపీడనం వానకి కుచ్చు తడిస్తే లోపల బూజు పడుతుంది, విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. ముక్కిన వాసన వస్తే మొత్తం తీసి కంపోస్టులో వేయండి, ఆరబెట్టి మళ్ళీ కట్టొద్దు. బూజు గింజ పిట్టకు విషమే.

ముఖ్యమైనది ఒకటి. విత్తనాల దుకాణంలో అమ్మే వడ్లు ఎట్టి పరిస్థితిలోనూ పిట్టలకు వేయకండి. విత్తనశుద్ధి మందు పట్టించి ఉంటాయి, రంగు కూడా వేసి ఉంటుంది.

మందారం | డిసెంబరు 2, ఉదయం 9:05
పెందుర్తి అన్నయ్యా, కుచ్చుకి పిచ్చుకలు రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? మా గోపాలపట్నం వీధిలో కట్టినవాళ్ళు వారంలో తీసేశారు, రావట్లేదని.

పెందుర్తి తోట | డిసెంబరు 2, ఉదయం 9:40
వారం చాలదమ్మా. పిచ్చుక కొత్త వస్తువు దగ్గరికి వెంటనే రాదు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి, మధ్యలో చోటు మార్చకూడదు. కుచ్చుకి ఆరేడు అడుగుల దూరంలో గుబురు మొక్క ఏదైనా ఉంటే తొందరగా వస్తాయి. గోరింటాకు, నిమ్మ, కాగితంపూల తీగ ఏదైనా సరే. డేగ కనిపిస్తే దూరడానికి వాటికి అడ్డు కావాలి. పక్కనే పొడిమట్టి ఉన్న తట్ట పెట్టండి: రెండడుగుల వెడల్పు, జల్లించిన మెత్తటి ఎర్రమట్టి, సన్న ఇసుక సగం సగం, మూడంగుళాల లోతు. పిచ్చుకలు అందులో పొర్లి ఒంటికున్న పేలు, నూనె వదిలించుకుంటాయి. మట్టి తడవకుండా చూసుకోవాలి, తడిస్తే వాటికి పనికిరాదు.

మిద్దెతోట ఎంవీపీ | డిసెంబరు 2, ఉదయం 11:20
గింజ కంటే ముందు నీళ్ళు పెట్టండి. నీటికి అన్ని రకాల పిట్టలూ వస్తాయి, పురుగులు తినేవీ, తేనె తాగేవీ. మన దగ్గర చలికాలం పగలు పొడిగా ఉంటుంది, చిన్న నీటి గుంటలు కాలనీల్లో మిగలవు.

14 నుంచి 16 అంగుళాల వెడల్పు మట్టి మూకుడు తీసుకోండి. లోతు అంచు దగ్గర అర అంగుళం, మధ్యలో రెండంగుళాలకు మించకూడదు. పింగాణీ, స్టీలు పళ్ళేలు జారుతాయి, పిట్ట కాలు నిలవదు. లోతు ఎక్కువైతే మధ్యలో చేతివెడల్పు బండరాయి ఒకటి పెట్టండి, నీళ్ళు రాతి పైభాగానికి అర అంగుళం కిందకు ఉండాలి. తేనెపిట్ట, దర్జీ పిట్ట ఆ రాతి మీద నిలబడే తాగుతాయి. నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తు స్టాండు మీద పెట్టాలి. పొద మరీ దగ్గరగా ఉంటే పిల్లి పొంచి దూకుతుంది, మరీ దూరంగా ఉంటే పిట్ట రాదు. ఆరడుగులు సరైన దూరం.

రోజూ పొద్దున ఆరున్నర లోపు నీళ్ళు మార్చండి. జనవరిలో మనకు సూర్యోదయం దాదాపు ఆరున్నరకే, మొదటి గంటలోనే ఎక్కువ పిట్టలు వస్తాయి.

సాగరతీరం | డిసెంబరు 2, మధ్యాహ్నం 1:15
క్షమించాలి, ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది. నీళ్ళ పళ్ళెం పెట్టమనడం తేలిక. మన ఊళ్ళో డెంగ్యూ ఎంత ఉందో అందరికీ తెలుసు. మున్సిపల్ సిబ్బంది శుక్రవారం డ్రైడే అని ఇంటింటికీ తిరిగి కుండీల కింద సాసర్లు పారబోయిస్తుంటే, మనం కోరి నీళ్ళు నిలవబెట్టడమా?

మిద్దెతోట ఎంవీపీ | డిసెంబరు 2, మధ్యాహ్నం 2:00
మీ భయం సబబే అండి. అందుకే లెక్క చెబుతాను. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో ఏడు నుంచి పది రోజులు పడుతుంది. రోజూ నీళ్ళు మారిస్తే లార్వా దశ దాటదు. కానీ చాలామంది ఇక్కడ ఒక పని వదిలేస్తారు. ఈ దోమ గుడ్లు నీటిలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి పారబోసి నింపితే సరిపోదు, కొబ్బరి పీచుతో అంచు చుట్టూ గట్టిగా రుద్దాలి. రోజూ రుద్దలేకపోతే రెండు రోజులకోసారి తప్పనిసరి. ఊరెళ్తే మూకుడు బోర్లించి వెళ్ళండి.

వారానికోసారి లీటరు నీళ్ళలో ఒక టీస్పూను బ్లీచింగ్ పౌడరు కలిపి పది నిమిషాలు నానబెట్టి, మూడుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. బోరునీటి తెల్లటి పొర పోవడానికి వెనిగర్ వాడేవాళ్ళు దాన్ని వేరే రోజు వాడాలి. బ్లీచింగ్, వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది మనకే ప్రమాదం. దోమల మందు చుక్కలు మాత్రం పిట్టల నీళ్ళలో వేయకండి.

సాగరతీరం | డిసెంబరు 2, మధ్యాహ్నం 2:25
అంచు రుద్దే సంగతి మా వీధిలో ఎవరూ చెప్పలేదు. అలా చేస్తే అభ్యంతరం లేదు. కుండీల కింద సాసర్లకి కూడా ఇదే వర్తిస్తుంది కదా, చలికాలం వాటిని తీసేయడమే మంచిది.

పిట్టల పుస్తకం | డిసెంబరు 3, ఉదయం 6:50
తేనెపిట్టల గురించి. మన పెరళ్ళలో రెండు రకాలు మామూలుగా కనిపిస్తాయి. ఒకదాని మగపిట్టకు వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, నడుం మీద ఊదా మెరుపు. ఏడాదంతా అదే రంగులో ఉంటుంది. రెండోది పూర్తిగా నల్లగా, ఎండ పడితే నీలం ఊదా మెరిసే రకం. అందరూ పొరబడేది దీని దగ్గరే. ఈ నల్ల మగపిట్ట జతకట్టే కాలం అయిపోగానే ఆ మెరుపంతా విడిచి ఆడపిట్టలాగే మారిపోతుంది. పైన గోధుమ ఆకుపచ్చ, కింద లేత పసుపు, గడ్డం నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక నల్లటి గీత మాత్రం మిగులుతుంది. డిసెంబరులో ఆ గీత ఉన్న పిట్ట కనిపిస్తే అది మగది. జనవరి దాటేకొద్దీ ఒంటి మీద అక్కడక్కడ నల్ల మచ్చలు వచ్చి మళ్ళీ పూర్తి నలుపుకు తిరుగుతుంది. వారం వారం అదే పిట్టను గమనిస్తూ ఉంటే ఈ మార్పు కళ్ళముందే కనిపిస్తుంది. చలికాలం తోటలో దీన్ని మించిన ఆనందం ఇంకోటి ఉందంటే నేను ఒప్పుకోను.

వీటికి చక్కెర నీళ్ళ సీసాలు వద్దు. మన ఎండకు ఒక్క రోజులో పులుస్తాయి, చీమలు పడతాయి, లోపల నల్లటి బూజు కడుతుంది. పూలున్న మొక్క చాలు.

మందారం | డిసెంబరు 3, ఉదయం 8:10
పూల సంగతి నేను చెబుతాను. ఒంటిరెక్క మందారం ఉండాలి. ముద్ద మందారంలో రెక్కల మధ్య తేనె దాకా ముక్కు పోవడం కష్టం. కుండీలో అయితే 14 అంగుళాలది, రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు మాగిన పశువుల ఎరువు, ఒక వంతు ఇసుక. మొగ్గ విచ్చకుండానే రాలుతోందంటే రెండే కారణాలు ఎక్కువగా ఉంటాయి: ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం, లేదా మొగ్గ తొడిమ దగ్గర పిండినల్లి. తొడిమ తిప్పి చూస్తే తెల్లగా కనబడుతుంది.

హామేలియా, రస్సెలియా రెండూ తేనెపిట్టకు ప్రాణం. హామేలియా 16 అంగుళాల కుండీలో నాలుగడుగులు పెరుగుతుంది, సన్నటి గొట్టాల్లాంటి నారింజ పూలు, తర్వాత వచ్చే నల్లటి చిన్న పళ్ళు పిగిలిపిట్టలకు. నూరువరహాలు, దానిమ్మ కూడా సరే. నేల ఉంటే ఒక మునగ వేయండి. జనవరి ఫిబ్రవరిలో పూత విరగబూస్తే పొద్దున్న అంతా తేనెపిట్టలే. డిసెంబరాలు, బంతి, చేమంతి మన కళ్ళకు, సీతాకోకచిలుకలకు; వాటిని నమ్ముకుని తేనెపిట్టల కోసం చూడొద్దు.

నర్సరీ మొక్కలు తెచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ మొక్క లోపలికి ఇంకే (అంతర్వాహిక) పురుగుమందులు కొట్టి ఉండొచ్చు, అవి తేనెలోకీ దిగుతాయి. కొత్త మొక్క మొదటి విడత మొగ్గలు తుంచేసి, కొత్త చిగురు మీద వచ్చిన పూలు ఉంచండి.

కొమ్మాది మేడ | డిసెంబరు 3, ఉదయం 9:00
మందారం అక్కా, ధన్యవాదాలు. డాబా మీద దక్షిణం పిట్టగోడ వారనే హామేలియా రెండు కుండీలు ఉన్నాయి. వానాకాలం బాగా పూసి, ఇప్పుడు పూత పూర్తిగా తగ్గింది. నీళ్ళు, ఎరువు మారలేదు.

మిద్దెతోట ఎంవీపీ | డిసెంబరు 3, ఉదయం 10:30
గోడ నీడే కారణం. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22 ప్రాంతంలో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అంటే మూడడుగుల దక్షిణపు గోడ మధ్యాహ్నానికే రెండున్నర అడుగుల నీడ డాబా మీద పరుస్తుంది, పొద్దున సాయంత్రం ఇంకా ఎక్కువ. గోడ వార కుండీకి అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తగలదు. పూల మొక్కలన్నీ ఉత్తరం గోడ వారకు మార్చండి, లేదా రెండడుగుల ఇనుప స్టాండు ఎక్కించండి. దక్షిణం గోడ వార పాలకూర, కొత్తిమీర, పుదీనా పెట్టుకోండి, ఆ నీడ వాటికి హాయి.

నీళ్ళు కూడా మార్చాలి. 12 అంగుళాల కుండీకి ఎండాకాలంలో రోజూ పోసే రెండు లీటర్లు ఇప్పుడు అక్కర్లేదు. రోజు విడిచి రోజు లీటరు, లీటరున్నర చాలు. అదీ పొద్దున్నే. సాయంత్రం ఆకులు తడిపితే రాత్రి మంచుతో కలిసి తెల్లారేదాకా తడి ఆరదు, ఆకుమచ్చ పట్టుకుంటుంది.

వేపకాయ గాజువాక | డిసెంబరు 3, రాత్రి 8:20
ఇక పేనుబంక. మొదట చూడాల్సింది అది ఎంత మేర ఉంది అని. చిక్కుడు కొసచిగుళ్ళలో పది పదిహేను మాత్రమే ఉంటే వదిలేయండి. దర్జీ పిట్టలు, వార్బ్లర్లు, అక్షింతల పురుగులు వాటినే తింటాయి. ఈ దశలో మందు కొడితే పేనుబంకతో పాటు దాన్ని తినేవన్నీ పోతాయి, పదిహేను రోజుల్లో తిరిగొచ్చేది పేనుబంక ఒక్కటే.

ఎక్కువగా ఉంటే పైపుకి నాజిల్ బిగించి పొద్దున ఏడు ఎనిమిది మధ్య ఆకు కింది నుంచి పైకి నీళ్ళు గట్టిగా కొట్టండి. మూడు రోజులు వరుసగా. కిందపడ్డ పేనుబంకల్లో చాలావరకు మళ్ళీ ఎక్కలేవు. నల్లగా ముద్ద కట్టిన కొసలు నాలుగంగుళాలు తుంచి సంచిలో కట్టి పారేయండి. యూరియా, పిండి ఎరువులు ఆపండి. నత్రజని ఎక్కువైన మెత్తటి చిగురుకే అది ముందు పడుతుంది. చీమలు ఎక్కుతుంటే పందిరి గుంజకు అంగుళం వెడల్పున గ్రీజు పట్టీ వేయండి. గుడ్డ చుట్టి దాని మీద రాయాలి. కాడకు నేరుగా రాయొద్దు. పిట్టలు వాలే కొమ్మలకూ రాయొద్దు, ఈకలకు అంటితే వదలదు.

అప్పటికీ తగ్గకపోతే వేపనూనె: లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు, గిన్నెలు తోమే ద్రవం సబ్బు 2 మిల్లీలీటర్లు. చలికాలంలో చాలామందికి ఇది ఎందుకు పనిచేయదంటే, రాత్రి ఉష్ణోగ్రత 18, 19కి దిగినప్పుడు వేపనూనె గడ్డకట్టి చిక్కబడుతుంది. అలాగే పోస్తే నీళ్ళ మీద తేలి నాజిల్ మూసుకుపోతుంది, కొన్ని ఆకుల మీద ఎక్కువపడి మాడ్చేస్తుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పది నిమిషాలు ఉంచి, ముందు సబ్బులో నూనె కలిపి పాలరంగు వచ్చాక నీళ్ళు పోయాలి. కలిపిన రోజే వాడేయాలి. సాయంత్రం ఐదు దాటాక, తేనెటీగలు వెళ్ళాక, విచ్చిన పూలు వదిలి కొట్టండి. ముందు నాలుగాకుల మీద కొట్టి ఒక రోజు చూడండి.

ఇమిడాక్లోప్రిడ్ లాంటి అంతర్వాహిక మందులు పెరట్లో వద్దే వద్దు. మొక్క లోపలికి పోయి పుప్పొడిలోకి, తేనెలోకి వస్తుంది. గుళికల రూపంలో ఉండే పురుగుమందులు అసలు ముట్టొద్దు. ఫోరేట్ అనే గుళికల మందు 2020 చివరితో దేశంలో ఆగిపోయింది. పాత సంచి ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే కుండీల్లో వేయకండి. పిట్ట ఆ గుళికను ఇసుకరేణువో గింజో అనుకుని మింగుతుంది.

ఎలుకల మందు కూడా అంతే. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి మగతగా తిరుగుతుంది. దాన్ని పైడికంటి, గుడ్లగూబ పట్టుకు తింటే ఆ విషం వాటికీ ఎక్కుతుంది. ఎలుకలకు బోను పెట్టండి, రాత్రికి గింజ, పళ్ళ ముక్కలు లేకుండా ఊడ్చేయండి.

కొమ్మాది మేడ | డిసెంబరు 4, ఉదయం 7:00
వేపకాయ గారూ, చాలా ఉపయోగపడింది. ఇంతకీ వలస పిట్టలు అంటే కాలనీ పెరట్లో నిజంగా ఏవి వస్తాయి? చెరువులకు వచ్చేవే అనుకున్నాం.

పిట్టల పుస్తకం | డిసెంబరు 4, ఉదయం 7:45
చెరువుల బాతులు మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ వైపు. పెరటికి వచ్చేవి వేరు, చిన్నవి, చడీచప్పుడు లేనివి. చాలావాటిని ముందు చెవితోనే పట్టుకోవాలి.

మామిడి పైకొమ్మల్లో "చిస్‌-వీ" అని రెండు అక్షరాల పిలుపు వస్తుంటే అది గ్రీనిష్ వార్బ్లర్. బొటనవేలంత పిట్ట, కంటి పైన లేత గీత. పొదల్లో కనిపించకుండా "టక్, టక్" మంటుంటే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. తోక పైకెత్తి దించుతూ "ట్ర్‌ర్‌" అనేది టైగా ఫ్లైక్యాచర్, దాని నల్లతోక మొదట్లో రెండు పక్కలా తెలుపు ఉంటుంది. డాబా మీద నడుస్తూ తోక కిందికీ పైకీ ఊపేది వాగ్‌టైల్, పొట్ట పసుపు అయితే గ్రే వాగ్‌టైల్, తెలుపు అయితే వైట్ వాగ్‌టైల్. వైర్ల మీద ఒంటరిగా కూర్చుని కళ్ళకు నల్ల గంత కట్టినట్టుండేది బ్రౌన్ ష్రైక్. కంబాలకొండ, సింహాచలం కొండల అంచున ఉన్న కాలనీలకు ఇవి కాక తోకపిగిలి, వంగపండు పిట్ట కూడా దిగుతాయి. కొమ్మాది ఆ కొండలకు దూరం కాదు. ఇవన్నీ ఇంచుమించు సెప్టెంబరు అక్టోబరుల్లో వచ్చి మార్చి ఏప్రిల్ దాకా ఉంటాయి.

వీటికి పెట్టాల్సిన తిండి ఏమీ లేదు. మామిడి కింద రాలిన ఆకులు రెండు మూడు అంగుళాల మందాన అలాగే వదలండి, కాండానికి ఆరంగుళాలు ఎడంగా. కింద తడి ఉంటే బొద్దింకలు, జెర్రులు, చెదలు, గొంగళ్ళు చేరతాయి, నల్లంచి ఆ ఆకులు ఒక్కొక్కటి తిప్పి వెతుక్కుంటుంది. తలుపుకు దగ్గరగా వద్దు, పెరటి ఆ చివర చేయండి, పాముల భయం ఉన్నవాళ్ళకు అదే మేలు. భోగికి ఆ ఆకులు ఊడ్చి మంటలో వేయకండి.

మామిడికి బదనిక (కొమ్మకు అతుక్కుని దాని మీదే బతికే మొక్క) ఉందేమో చూడండి. ఉంటే పూర్తిగా కోసేయక్కర్లేదు. దాని పూలకు తేనెపిట్టలు, పళ్ళకు బుల్లి పిట్టలైన ఫ్లవర్‌పెక్కర్లు ఎగబడతాయి, విత్తనాన్ని కొమ్మకు అంటించేది కూడా ఆ ఫ్లవర్‌పెక్కరే. ఒక చిన్న గుబురు ఉంచి, కొమ్మను ఎండగడుతున్నవి మాత్రం అతుక్కున్న చోటుకి అడుగు లోపలికి కొమ్మతో సహా కోయండి. పైపైన బదనిక ఆకులు తుంచితే మళ్ళీ చిగురిస్తుంది.

సాగరతీరం | డిసెంబరు 4, ఉదయం 9:30
బీచ్‌రోడ్డు, లాసన్స్‌బే వైపు వాళ్ళకు ఇందులో సగం మొక్కలు నిలవవు. ఉప్పుగాలికి మందారం ఆకు అంచులు మాడతాయి. గాలివైపు గన్నేరు, కాగితంపూలు, నందివర్ధనం వరుసగా పెట్టి, వాటి చాటున తేనెపిట్టల మొక్కలు ఉంచాలి. వారానికి రెండుసార్లు పొద్దున్నే మంచినీళ్ళతో ఆకులు కడగాలి. గన్నేరు ఆకులు పిల్లలు, మేకలు నోట్లో పెట్టకుండా చూసుకోవాలి, విషం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ వచ్చినప్పుడు ఊరి చెట్లు ఎలా కూలాయో చూశాం కాబట్టి, డాబా అంచున బరువు కుండీలు, వేలాడే మూకుళ్ళు డిసెంబరు తుపాన్ల హెచ్చరిక రాగానే కిందకు దించేయండి.

వడ్రంగం కంచరపాలెం | డిసెంబరు 4, మధ్యాహ్నం 12:40
పిచ్చుక గూడు పెట్టాలనుకునే వాళ్ళు ఇప్పుడే పెట్టాలి, ఫిబ్రవరికి అవి అలవాటు పడతాయి. లోపలి అడుగు 15 సెంటీమీటర్లకు 15. ముందు పలక ఎత్తు 20, వెనక పలక 25, పైకప్పు వాలుగా, ముందుకు 5 సెంటీమీటర్లు చొచ్చుకురావాలి. కన్నం 32 మిల్లీమీటర్లు, దాని కింది అంచు అడుగు నుంచి 12, 13 సెంటీమీటర్ల ఎత్తున. కన్నం 40 దాటితే గోరింక పిచ్చుకను తరిమి ఆక్రమించుకుంటుంది. కన్నం ముందు పుల్ల బిగించకండి, పిచ్చుకకు అది అక్కర్లేదు, కాకి వాలడానికి ఉపయోగపడుతుంది. అడుగున నాలుగు మూలల 6 మిల్లీమీటర్ల రంధ్రాలు, నీరు దిగడానికి. పైన పక్కల రెండు, గాలికి.

చెక్క మందం 15 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవక, సరిపోతుంది. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) మన తేమకు ఉబ్బి విడిపోతుంది. మేకులు ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. లోపల రంగు, వార్నిష్ వద్దు. తొమ్మిదడుగుల ఎత్తున, తూర్పు లేదా ఉత్తరం గోడకు, సన్‌షేడు కింద. పడమట గోడకు పెడితే మార్చి నుంచి పిల్లలు ఉడికిపోతాయి. పిచ్చుకలు గుంపుగా ఉండే రకం కనుక మూడు గూళ్ళు మూడేసి అడుగుల ఎడంతో పెడితే నిండే అవకాశం ఎక్కువ. పిల్లలు ఎగిరిపోయాక పాత గడ్డి తీసి ఎండలో ఉంచండి.

మందారం | డిసెంబరు 4, సాయంత్రం 5:15
జామకాయలు చిలకలు కొరికేస్తున్నాయని వల కప్పేవాళ్ళకు ఒక విన్నపం. వదులుగా కప్పిన నైలాన్ వలలో పిగిలిపిట్ట మెడ చిక్కుకుంటుంది. నిమ్మకాయంత సైజు రాగానే కావలసిన కాయలకు మాత్రం పాత కాగితపు సంచి తొడిగి తొడిమ దగ్గర దారం కట్టండి, పైకొమ్మల కాయలు చిలకలకు వదిలేయండి. రామచిలుక 2018 నుంచి మన రాష్ట్ర పక్షి కూడా. వల తప్పదంటే వదులుగా కాకుండా బిగుతుగా, చెట్టుకు ఆనకుండా నాలుగు కర్రల మీద లాగి కట్టండి, రోజుకు రెండుసార్లు చూడండి.

పిట్ట చిక్కుకుంటే లాగొద్దు. గుడ్డ కప్పి పట్టుకుని కత్తెరతో దారాలు ఒక్కొక్కటే కోయండి. చుట్టూ కన్నాలున్న అట్టపెట్టెలో, చీకట్లో గంటసేపు ఉంచండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎగరలేకపోతే అటవీశాఖ వాళ్ళకు చెప్పండి.

పిట్టల పుస్తకం | డిసెంబరు 4, రాత్రి 7:30
సంక్రాంతి వస్తోంది కాబట్టి ఇది కూడా. గాలిపటాలకు నైలాన్ మాంజా, గాజుపొడి దారం వద్దు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. నూలు దారం కూడా ఎగరేశాక చెట్ల మీద వదలకుండా చుట్టి తీసుకురండి. పిట్టలు గూటికి చేరే సాయంత్రం ఐదు తర్వాత, తెల్లవారి ఎనిమిది లోపు ఎగరేయకపోతే చాలా రెక్కలు మిగులుతాయి.

పిట్టలు గుద్దుకోకుండా గాజు కిటికీలకు బయటివైపు రెండంగుళాలకొకటి చొప్పున చుక్కలు గానీ గీతలు గానీ పెట్టండి. ఒకటి రెండు స్టిక్కర్లు అంటిస్తే లాభం లేదు, వాటి పక్క ఖాళీలోంచి పోవచ్చనుకుని పిట్ట కొట్టుకుంటుంది. లోపలివైపు అంటించినా ప్రతిబింబం పోదు. జనవరి నుంచి తేనెపిట్టలు, పిగిలిపిట్టలు అద్దంలో తమ నీడను పోటీదారు అనుకుని గంటలకొద్దీ పొడుస్తాయి. కారు అద్దాలకు గుడ్డసంచి తొడగండి, కిటికీకి బయట సబ్బునీళ్ళు పూసి ఆరనివ్వండి.

ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. పెరట్లో పావుగంట కూర్చుని కనిపించిన రకాలు, ఎన్ని ఉన్నాయో రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కించడమే. డాబా మీది నుంచి చేసినా చెల్లుతుంది. ఇప్పటి నుంచి రోజూ ఒకే సమయంలో పావుగంట రాసుకుంటే అప్పటికి కన్ను, చెవి రెండూ సిద్ధమవుతాయి.

కొమ్మాది మేడ | డిసెంబరు 5, ఉదయం 7:20
నూకలు ఆపాం. హామేలియా కుండీలు ఉత్తరానికి మార్చాం. మూకుడు పెట్టాక ఒక పిగిలిపిట్టల జంట దిగింది. రెండు సందేహాలు మిగిలాయి. పిగిలిపిట్టలకు బొప్పాయి ముక్క పెట్టొచ్చా? పావురాలు ఇంకా గోడ మీద కూర్చుంటున్నాయి, ఏం చేయాలి?

పెందుర్తి తోట | డిసెంబరు 5, ఉదయం 8:00
పావురాలు ఒకటి రెండు వారాలు అలవాటు కొద్దీ వస్తాయి బాబూ, గింజ లేదని తెలిశాక తగ్గుతాయి. పక్కింటివాళ్ళు కూడా చల్లుతుంటే వాళ్ళతో మాట్లాడండి, అప్పటిదాకా మీ ఒక్కరి వల్ల కాదు. గోడ పైభాగాన చిన్న కుండీలు దగ్గరదగ్గరగా పేర్చి, గాలికి పడకుండా తీగతో కట్టేస్తే వాలడానికి చదును దొరకదు.

మిద్దెతోట ఎంవీపీ | డిసెంబరు 5, ఉదయం 8:25
బొప్పాయి పెట్టొచ్చు. గింజలతో సహా అరచేయంత ముక్క, కొమ్మకు తీగతో గుచ్చి, ఐదడుగుల ఎత్తున. పొద్దున ఏడుకు పెట్టి, పదకొండుకల్లా తీసేయండి. ఎండకు పులిసిన ముక్క మీద ఈగలు, సాయంత్రం దాకా ఉంటే పందికొక్కులు. ఉప్పు, కారం, నూనె తగిలిన వంటిల్లు మిగులు మాత్రం ఏ పిట్టకూ వద్దు. అరటిపండు అయితే తొక్కతో సగానికి చీల్చి గుచ్చండి, మెత్తగా కారిపోకుండా ఉంటుంది. మూకుడుకీ ముక్కకీ ఎనిమిదడుగుల దూరం ఉంచండి, లేకపోతే పండు తిన్న ముక్కులు నీళ్ళలో ముంచి రెండు గంటల్లో ఆ నీళ్ళు చిక్కబడతాయి.